వేట నిషేధం రోజుల్లోనే మొదలుపెట్టు

భీమునిపట్నం



నీ ఉత్తరం అందింది. డిగ్రీ మొదటి ఏడు అయిపోయింది, వేసవిలో కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు చెయ్యాలి, 180 గంటలు ఎలా గడపాలో తోచట్లేదని రాశావు. మీ ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషివి నువ్వే. ఇలాంటివి అడగడానికి ఇంట్లో ఎవరూ లేరు. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

వేరే ఊరు వెతుక్కోకు, మీ మత్స్యకారుల వాడలోనే చెయ్యి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు సముద్రంలో చేపల వేట నిషేధం. పడవలు ఒడ్డెక్కి ఉంటాయి. మగవాళ్లు వలలు బాగుచేసుకుంటూ ఇంటిపట్టునే దొరుకుతారు. మాట్లాడడానికి ఇంతకన్నా మంచి అదను రాదు. కానీ సర్వే ఫారం పట్టుకుని గుమ్మంలో నిలబడి, నిన్ను ఎత్తుకు పెంచినవాళ్లని ఆఫీసరమ్మలా ప్రశ్నలు అడగకు. అలా అడిగితే ఫారానికి సరిపడా జవాబులే వస్తాయి. వల అల్లేచోట కూర్చో. వాళ్లు చెప్పుకోవాల్సింది చెప్పుకోనీ. కాగితం తర్వాత తియ్యొచ్చు.

అప్పుడు బయటపడే ఇబ్బందులు పైకి చిన్నవే. ప్రభుత్వం ఇచ్చే వేట నిషేధ భృతి 2025లో 10 వేల నుంచి 20 వేలకు పెరిగింది. ఆధార్‌లో పేరు ఒకలా, బ్యాంకు పాసుపుస్తకంలో ఇంకోలా ఉన్నవాళ్లకి ఆ డబ్బు కోసం తిరగడమే సరిపోతుంది. అలాంటి కాగితాలు ఇప్పటికే నీ దగ్గరికి తెస్తున్నారని మీ అమ్మ చెప్పింది. నువ్వే నింపి ఇచ్చేస్తే ఐదు నిమిషాల పని. అలా చెయ్యకు తల్లీ. తెచ్చిన పెద్దావిడని పక్కన కూర్చోబెట్టుకో. ఏ గడిలో ఏం రాయాలో వేలు పెట్టి చూపించు. సచివాలయానికైనా బ్యాంకుకైనా తోడు వెళ్లు, మాట్లాడడం మాత్రం ఆవిడకే వదిలెయ్యి. పూట గడిచిపోతుంది. గడవనీ. వచ్చే ఏడు ఆవిడే పక్కింటామెను వెంటబెట్టుకుని వెళ్తుంది. నువ్వు ఊళ్లో లేని రోజున కూడా పని సాగిందంటే నువ్వు నాయకురాలివైనట్టే. నా లెక్క ఇంతే.

నెల్లూరు జిల్లా దూబగుంట సంగతి నీకు తెలియాలి. అక్షరాస్యత ఉద్యమం రోజుల్లో రాత్రి బడికి వచ్చిన ఆడవాళ్లు వాచకంలో సారా గురించి చదివారు, తమ ఇళ్ల గురించి మాట్లాడుకున్నారు. 1992లో ఊళ్లో సారా అమ్మకం ఆపించారు. ఆ పోరాటం రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం వచ్చింది. ఆ పోరాటంలో ముందు నిలిచిన వర్ధినేని రోశమ్మ పేరు జనానికి తెలుసు. అక్షరాలు దిద్దించిన వలంటీర్ల పేర్లు ఎంతమందికి తెలుసు? అయినా వాళ్లు చేసింది తక్కువ పనని నేననను. నీకు కావలసిన దారి అదే.

ఒక జాగ్రత్త. పదిమంది నీ మాట వింటున్నారని తెలియగానే పార్టీలవాళ్లు వస్తారు. మన రాష్ట్రంలో స్థానిక సంస్థల్లో సగం సీట్లు ఆడవాళ్లవే. 21 ఏళ్లు నిండాక నువ్వూ పోటీ చెయ్యొచ్చు, చెయ్యాలనే నా కోరిక కూడా. ముందు డిగ్రీ చేతికి రానీ. అందాకా ఎవరి జెండా పట్టకు.

ప్రాజెక్టు లాగ్‌బుక్‌లో జరిగిందే రాయి. మొహం మీద తలుపేసిన ఇల్లుంటే అదీ రాయి. జూన్ 14 దాటితే పడవలు కదులుతాయి, మనుషులు దొరకరు. రేపే మొదలుపెట్టు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు