మందకు సగం బలం పొట్టేలు

హాస్టల్ మిత్రులారా! ఈసారి గోడపత్రికలో మా ఇంటి పొట్టేలు గురించి, అది నేర్పిన పాఠం గురించి రాస్తున్నాను. మనలో చాలామంది ఇండ్లల్లో పదో ఇరవయ్యో జీవాలు ఉన్నయి. సెలవులకు పోతే కాసేది మనమే. కాబట్టి జర ఓపికగా చదవండి.

మాది శంషాబాద్ దగ్గర తండా. 2008 మార్చిలో ఇక్కడ విమానాశ్రయం మొదలైంది. దాని జాగ సుమారు 5,500 ఎకరాలు. తర్వాత ఔటర్ రింగు రోడ్డు, ప్లాట్లు వచ్చినయి. మేత బీళ్లు తగ్గినయి. మా తాత కాలంలో మాకు వంద గొర్లు ఉండేవట. బీళ్లల్లో మందలు కలిసేవి, ఒక మంద పొట్టేలు ఇంకో మందలోకి పోయేది. ఇప్పుడు మావి 18 గొర్లు, ఒక్క పొట్టేలు. చిన్న మందలోకి కొత్త రక్తం దానంతట అది రాదు, మనమే తేవాలి. ఇది తెలియకనే మేము నష్టపోయినం.

మా పొట్టేలు పేరు రాజు. తల్లిలేని పిల్లను బాపు పక్క ఊరి నుంచి తెచ్చిండు. సీసాతో పాలు పట్టి నేనే పెంచిన. దాని నెత్తి మీద చెయ్యి పెట్టి తోస్తే అది ఎదురు తోసేది. నాకు అది ఆట. పెద్దగైనంక ఒకరోజు, దొడ్డి ఊడుస్తున్న యాడిని వెనుక నుంచి కుమ్మింది. ముంజేతి ఎముక విరిగింది. రాజు తప్పు కాదు, ఆ ఆట నేర్పింది నేను.

బాపు అమ్ముతనన్నడు. నేను ఏడ్చి ఆపిన. మూడేండ్లు అదే మందలో ఉంది. మూడో ఏడు దాని బిడ్డలే దానితో చూలు కట్టినయి. వాటికి 5 పిల్లలు పుడితే 2 లేచి నిలబడలేక చనిపోయినయి. మిగిలినవి ఎదగలేదు. అప్పుడు పశువుల డాక్టరు సారు చెప్పినవి, మేము చేసి చూసినవి కింద రాస్తున్నాను.

1. లెక్క: ఒక పొట్టేలు 20 నుంచి 30 గొర్లకు సరిపోతది. 2017లో తెలంగాణ ప్రభుత్వం గొల్ల కురుమలకు గొర్రెల పంపిణీ మొదలుపెట్టినప్పుడు కూడా ఒక యూనిటుకు 20 గొర్లు, 1 పొట్టేలు అని పెట్టింది.

2. ఎంపిక: వయసు ఏడాదిన్నర దాటాలి. కాళ్లు, పండ్లు, కండ్లు చూడాలి. వృషణాలు రెండూ సమానంగా, గట్టిగా, గడ్డలు లేకుండా ఉండాలి. ఇందులో నవ్వేది ఏమీ లేదు, ఇది పాఠమే.

3. మేత: పొట్టేలులో వీర్యం తయారు కావడానికి సుమారు 7 వారాలు పడుతది. అందుకే గొర్లతో కలపడానికి రెండు నెలల ముందు నుంచే బాగా చూసుకోవాలి. మేతతో పాటు రోజుకు పావుకిలో దాణా పెట్టాలి. నట్టల మందు తాపాలి. జ్వరం వచ్చినా, ఎండదెబ్బ తగిలినా ఆ నష్టం తర్వాత కొన్ని వారాల దాకా ఉంటది. కాబట్టి నీడన కట్టేయాలి.

4. కాలం: గొర్రె సుమారు 17 రోజులకు ఒకసారి ఎదకు వస్తది. చూలు 5 నెలలు. తొలకరి పడి పచ్చిక మొలిచినంక, జూన్ చివర కలిపితే నవంబరు చివర నుంచి ఈనుతయి. అప్పటికి తల్లులకు మేత ఉంటది. నెలన్నర తర్వాత పొట్టేలును వేరు చేయాలి. ఒంటరిగా ఉంచితే అది బెదిరి దడి విరగ్గొడుతది. విత్తులు కొట్టించిన పోతును తోడు ఉంచాలి.

5. గుర్తు: పొట్టేలు ఎదకు నూనెలో కలిపిన పసుపు పూయాలి. అది ఎక్కిన గొర్రె నడుము మీద రంగు అంటుతది. మావి తెల్ల గొర్లు కాబట్టి మంచిగ కనపడుతది. 17 రోజులకు రంగు మార్చి జాజు పూయాలి. పసుపు ఉన్న గొర్రెకు మళ్లీ జాజు అంటితే మొదటిసారి చూలు నిలవలేదన్నట్లు. అన్నిటికీ జాజు అంటితే లోపం పొట్టేలులోనే ఉందేమో అని అనుమానించాలి.

6. జాగ్రత్త: పిల్లప్పుడు నెత్తి మీద తోయకండి, గదవ కింద నిమరండి. దొడ్లోకి పోతే పొట్టేలుకు వీపు చూపకండి. అది తల వంచి వెనక్కి నడిచిందంటే కుమ్మబోతున్నదని తెలుసుకోండి.

7. మార్పు: ఆడపిల్లలు ఏడాదికల్లా ఎదకు వస్తయి. కాబట్టి రెండేండ్లకు ఒకసారి పొట్టేలును మార్చాలి. మందలో పుట్టిన పోతుపిల్లలను నాలుగు నెలలకే వేరు చేయాలి.

పోయినేడు బాపు రాజును దూరపు ఊరి కురుమ తాత పొట్టేలుతో మార్చుకున్నడు. కుమ్ముతదని ముందే చెప్పిండు. తాత నవ్వి, "నా దొడ్లోకి పిల్లలు రారు బిడ్డా" అన్నడు. రాజును ఆటో ఎక్కించేటప్పుడు నేను ఇంట్లోకి పోయి కూసున్న. రాజు చెడ్డది కాదు, మా మందలో దాని కాలం అయిపోయింది, అంతే. ఈ యేడు మా గొర్లకు 16 పిల్లలు పుట్టినయి, అన్నీ బతికినయి. యాడి చెయ్యి మాత్రం చలికి ఇంకా నొస్తది.

మిత్రులారా, ఈసారి సెలవులకు పోయినప్పుడు మీ మందలో పొట్టేలు ఎన్నేండ్ల నుంచి ఉందో ఇంట్లో అడగండి.

ఇట్లు,
9వ తరగతి విద్యార్థిని