అడవి ఏనుగు ఫొటో: కబిని ఒడ్డు నుంచి చట్టం దాకా

మన రాకతో ఏనుగు చేస్తున్న పని ఆగిపోతే, ఆ తర్వాత తీసిన ఫొటోలో ఉండేది ఏనుగు కాదు, దాని బెదురు. సఫారీకి వెళ్లేవాళ్లకు మొదట చెప్పాల్సిన మాట ఇదే. మన వన్యప్రాణి చట్టమూ దాదాపు ఇదే అంటుంది. గ్రూప్స్ అభ్యర్థులు పర్యావరణ విభాగంలో విడివిడిగా చదివే చాలా అంశాలు ఈ ఒక్క విషయం దగ్గర కలుస్తాయి.

ఏనుగులు కబినికే ఎందుకు వస్తాయి?

కావేరి ఉపనది కబినిపై మైసూరు జిల్లాలో కట్టిన జలాశయం 1974లో పూర్తయింది. దానికి ఒకవైపు నాగరహొళె, మరోవైపు బండీపుర అడవులు. మార్చి నుంచి మే వరకు నీరు వెనక్కి తగ్గుతుంది. బయటపడిన తడినేల మీద లేత పచ్చిక మొలుస్తుంది. అదే సమయానికి అడవి లోపలి కుంటలు ఎండిపోతాయి. మేత, నీరు ఒకేచోట దొరకడంతో మందలు వరసగా ఒడ్డుకు దిగుతాయి. ఆసియా ఏనుగులు ఇంత పెద్ద సంఖ్యలో ఒకేచోట కనిపించే తావులు చాలా అరుదు. వానలు మొదలయ్యాక మళ్లీ అడవిలోకి చెదిరిపోతాయి.

బండీపుర 1973 నాటి తొలి తొమ్మిది టైగర్ రిజర్వుల్లో ఒకటి. నాగరహొళె 1988లో జాతీయ పార్కు, 1999లో టైగర్ రిజర్వు అయింది. ఈ రెండూ దేశంలోని తొలి బయోస్ఫియర్ రిజర్వు, అంటే 1986లో ఏర్పడిన నీలగిరి పరిధిలోనివే.

లెన్స్‌లోంచి ఏం చూడాలి?

ఒడ్డున మేస్తున్న ఏనుగు తొండాన్ని కాసేపు గమనించండి. గడ్డి దుబ్బును చుట్టి పీకుతుంది. వెంటనే నోట్లో పెట్టుకోదు. ముందరి కాలికేసి రెండు మూడుసార్లు కొట్టి, వేళ్లకు అంటిన మట్టి దులిపి తింటుంది. ఆ మట్టి రాలే క్షణం పట్టుకోవాలంటే షట్టర్ వేగం సెకనులో వెయ్యో వంతు దాకా ఉండాలి. ఏనుగు ముదురు రంగుకు కెమెరా మోసపోయి ఫొటోను అవసరానికి మించి వెలిగిస్తుంది. ఎక్స్‌పోజర్‌ను అర స్టాప్ దాకా తగ్గిస్తే చర్మం మీది ముడతలు నిలుస్తాయి. జీపు ఇంజిన్ ఆపించాలి, లేకపోతే ఆ అదురుకు ఫొటో చెదురుతుంది. పడవ సఫారీలో కెమెరా నీటిమట్టానికి దగ్గరగా ఉంటుంది కాబట్టి ఏనుగు నిండుదనం బాగా తెలుస్తుంది. ఫ్లాష్ మాత్రం వద్దే వద్దు.

మద్రాసు ప్రకృతి పరిశీలకుడు ఎం.కృష్ణన్ (1912–1996) తీసిన నలుపు తెలుపు ఏనుగు ఫొటోలు ఈరోజుకీ చూడదగ్గవి. ఏనుగు నడవడి తెలిసినవాడి చూపు వాటిలో ఉంటుంది. పొడవైన దంతాలతో కబినిలో పేరుపొందిన భోగేశ్వర అనే మగ ఏనుగు 2022 జూన్‌లో చనిపోయింది. దాని దంతాల పొడవు 2.54, 2.34 మీటర్లు. అది నెమ్మదైన ఏనుగు కావడం వల్లే అన్ని మంచి ఫొటోలు మిగిలాయి.

ఎప్పుడు కెమెరా దించాలి?

చెవులు విసురుకుంటూ, తోక ఆడిస్తూ మేస్తుంటే ఏనుగు నిశ్చింతగా ఉన్నట్టు. మేత ఆపి, తల పైకెత్తి, చెవులు విప్పి నిలబడితే మన మీద అనుమానం వచ్చినట్టు. పెద్ద ఆడ ఏనుగు ముందుకొచ్చి, గున్నలు మధ్యలోకి చేరితే వెనక్కి వెళ్లిపోవాల్సిందే. కంటికీ చెవికీ మధ్యనున్న గ్రంథి నుంచి జిడ్డు ద్రవం కారుతున్న మగ ఏనుగు మదంలో ఉంది. ఆ దశలో టెస్టోస్టిరాన్ బాగా పెరుగుతుంది. దాని దగ్గరికి ఏ డ్రైవరూ పోనివ్వకూడదు, పొమ్మని మనమూ అడగకూడదు. ఆసియా ఏనుగుల్లో బయటికి కనిపించే దంతాలు మగవాటికే ఉంటాయి. దంతాల్లేని మగవాటిని మఖ్నా అంటారు. దంతాలు లేవు కదా అని ఆడ ఏనుగు అనుకోవడం ప్రమాదం.

చట్టం మాట

వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972లోని సెక్షన్ 28 అభయారణ్యంలోకి ప్రవేశ అనుమతి గురించి చెబుతుంది. అనుమతి ఇవ్వదగ్గ కారణాల్లో ఫొటోగ్రఫీ ఒకటి. 2022 సవరణ దానికి ఒక షరతు కలిపింది: ఆవాసాన్ని మార్చకూడదు, ఆవాసానికి గానీ వన్యప్రాణులకు గానీ కీడు కలగకూడదు. పరీక్షలో అడగదగ్గ అంశం ఇది. జంతువులను ఏడిపించడం, చెత్త వేయడం సెక్షన్ 27 ప్రకారం నిషేధం. ఏనుగు ఈ చట్టంలోని ఒకటో షెడ్యూల్ జంతువు. ఐయూసీఎన్ జాబితాలో ఆసియా ఏనుగు అంతరించే ముప్పు ఉన్న జాతి.

లెక్కల్లో తికమక

ప్రాజెక్ట్ ఎలిఫెంట్ 1992లో మొదలైంది. 2010లో ఏనుగును జాతీయ వారసత్వ జంతువుగా ప్రకటించారు. 2017 గణనలో దేశంలో 29,964 ఏనుగులు తేలాయి. 2025లో వెలువడిన అంచనా 22,446. అందులో కర్ణాటకవి 6,013, రాష్ట్రాల్లో అదే మొదటిది. ఈ రెండు అంకెలు చూసి ఏడు వేలకు పైగా తగ్గాయని రాస్తే తప్పు. తాజా అంచనాకు పేడ నమూనాల్లోని డీఎన్‌ఏను ఆధారం చేసుకున్నారు. పద్ధతే మారింది కాబట్టి పోల్చడం కుదరదు.

మన దగ్గర

చిత్తూరు జిల్లా పలమనేరు, కుప్పం ప్రాంతాలకు 1980లలో పొరుగు రాష్ట్రాల నుంచి ఏనుగులు వచ్చాయి. కౌండిన్య అభయారణ్యం, 2003 నాటి రాయల ఎలిఫెంట్ రిజర్వు ఆ రాకకు కొనసాగింపే. పార్వతీపురం మన్యం వైపు ఒడిశా నుంచి వస్తున్నాయి. 2024 ఏప్రిల్‌లో కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లాలో ఒంటరి ఏనుగు ఇద్దరు రైతులను చంపింది.

ఇక్కడ ఏనుగు కనిపించేది పొలంలో, అదీ పంట మీద పడ్డప్పుడు. చాలాసార్లు రాత్రి మేసి, తెల్లవారుజామున అడవి దారి పడుతుంది. సరిగ్గా ఆ వేళకే ఫోన్లు పట్టుకుని జనం దారికి అడ్డంగా చేరుతున్నారు. వెళ్లే దారి మూసుకుపోయిన మంద ఊరి మీదికే తిరుగుతుంది. ఫొటో కావాలంటే అడవికి వెళ్లే ఆ దారి వదిలి, మిద్దె ఎక్కి దూరం నుంచి తీసుకోవాలి.