కట్టకముందే ఊయలను పరీక్షింతము

వేసవి విడిదికి పోవునప్పుడు రెండు చెట్ల నడుమ కట్టుకొని పండుకొను నైలాను ఊయలను మనము ముందుగానే విప్పి చూతము. ఎండకు నైలాను క్రమముగా బలము కోల్పోవును. గనుక రంగు వెలిసినచోట గట్టిగా లాగి చూడవలెను. కుట్లు ఊడినను, ఎలుక కొరికినను, పట్టీ పీచులేచినను, కొక్కెము బీటవారినను దానిని వాడరాదు. మురికియైనచో సబ్బునీట ఉతికి, నీడను బాగుగా ఆరనిచ్చి మడుతము; తడితో మడిచినయెడల బూజు పట్టును.

బిగించి కట్టుట క్షేమమని తలంచుదుము గాని అది అపాయము. పట్టీ 30 డిగ్రీల వాలున నున్నయెడల ఒక్కొక్క వైపున మనిషి బరువంత లాగుడు పడును. 10 డిగ్రీలకు బిగించినచో అది దాదాపు మూడింతలగును. మూరెడెత్తున కట్టి, మొదట పెద్దవారము మెల్లగా కూర్చుండి చూచిన తరువాతనే పిల్లలను ఎక్కింతము. తెగిన పట్టీకి మారు కొనగలము. విరిగిన బిడ్డ వెన్నుకు మారు కొనలేము.