గడువు దాటిన పన్ను అప్పీలు

పన్ను ఆర్డర్ మీద అప్పీలు గడువు దాటిందని తెలియగానే చాలామంది ఆశ వదులుకుంటారు. అప్పోసొప్పో చేసి డిమాండ్ కట్టేస్తారు. ఆ తొందర వద్దు. ముందు ఆ ఆర్డర్ ఏ చట్టం కింద వచ్చిందో చూడండి.

1961 ఆదాయపు పన్ను చట్టం కింద వచ్చినదైతే, డిమాండ్ నోటీసు అందిన 30 రోజుల్లో కమిషనర్ (అప్పీల్స్) ముందు అప్పీలు వేయాలి. ఆ గడువు దాటినా, తగిన కారణం ఉందని నమ్మితే 249(3) సెక్షన్ కింద ఆయన అప్పీలు తీసుకోవచ్చు. ఇన్ని నెలలు మించితే కుదరదని ఆ సెక్షన్ ఎక్కడా అనలేదు. ఆలస్యం జరిగిందా, ఎందుకు జరిగింది అని ఫారం 35లోనే అడుగుతారు. అక్కడ ‘అనివార్య కారణాల వల్ల’ అని ఒక్క ముక్క రాసి వదిలేస్తే అప్పీలు చేజేతులా పోగొట్టుకున్నట్టే. జబ్బు వల్ల ఆలస్యమైతే, ఆసుపత్రిలో ఏ తేదీన చేరారు, ఎప్పుడు ఇంటికొచ్చారు, ఆర్డర్ సంగతి ఎవరు చెబితే తెలిసింది, ఆ మర్నాటి నుంచి ఏం చేశారు, అన్నీ తేదీలతో రాయండి. డిశ్చార్జి సమ్మరీ, ఆడిటర్‌తో నడిచిన ఈమెయిళ్లు, అఫిడవిట్ జతచేయండి. లేని జబ్బు మాత్రం సృష్టించకండి. ఆలస్యం చేసి అప్పీలుదారు బావుకునేదేమీ ఉండదనీ, ప్రతి రోజుకూ లెక్క చెప్పమని ఛాందసంగా పట్టుబట్టకూడదనీ సుప్రీంకోర్టు 1987లో కాతీజీ కేసులో చెప్పింది. ఆ ఉదారత నిజం చెప్పినవారికే అక్కరకొస్తుంది. రిటర్నులో మీరే ఒప్పుకున్న పన్ను కూడా కట్టి ఉండాలి.

జీఎస్టీలో ఇంత వెసులుబాటు లేదు. 107వ సెక్షన్ మూడు నెలలు ఇచ్చింది. తగిన కారణం చూపితే ఇంకొక్క నెల, అంతే. అదీ దాటితే హైకోర్టులో రిట్ వేద్దామంటారు కొందరు. కాకినాడ వాణిజ్య పన్నుల అధికారికీ గ్లాక్సో కంపెనీకీ మధ్య నడిచిన వ్యాట్ కేసులో, చట్టం విధించిన ఆఖరి గడువు కూడా దాటాక వచ్చిన రిట్‌ను హైకోర్టు తీసుకోవడం తప్పని సుప్రీంకోర్టు 2020లో తేల్చింది. అసలు నోటీసే ఇవ్వకపోవడం వంటి లోపం ఉంటే వాదించుకోవచ్చు గానీ, దానిమీదే భరోసా పెట్టుకోకూడదు.

ఇక్కడ చిన్న వ్యాపారులకు జరుగుతున్నది నాకు బాధ కలిగిస్తుంది. జీఎస్టీ ఆర్డర్‌ను పోర్టల్‌లో పెట్టినా అందించినట్టేనని చట్టం అంటుంది. రిజిస్ట్రేషన్‌లో ఉన్న ఫోన్ నంబరు, ఈమెయిల్ చాలాసార్లు ఆడిటర్‌వి. కిరాణా కొట్టు యజమానికి సంగతి తెలిసేది బ్యాంకు ఖాతా ఆగిపోయిన రోజే. అప్పటికి నాలుగు నెలలూ అయిపోయి ఉంటాయి. ఈరోజే మీ సొంత నంబరు పెట్టించుకోండి. నోటీసులు, ఆర్డర్ల పేజీతో పాటు అదనపు నోటీసుల పేజీ కూడా తెరిచి చూస్తుండండి.

గడువు మిగిలి ఉంటే ఒప్పుకున్న పన్ను మొత్తం, వివాదంలో ఉన్న పన్నులో 10 శాతం కట్టి జీఎస్టీ అప్పీలు వేయాలి. అది కడితే మిగతా వసూలు ఆగుతుంది. ఆదాయపు పన్నులో అప్పీలు వేసినంత మాత్రాన వసూలు ఆగదు కాబట్టి, స్టే కోసం అసెసింగ్ అధికారికి అదే రోజు విడిగా దరఖాస్తు పెట్టండి.