అరుగు మీద ఆటలు: అదృష్టం పాలెంత, తెలివి పాలెంత?

(తృతీయ బి.యస్సి. విద్యార్థి)

ఆటలనగానే మన కాలేజీలో క్రికెట్టు, కబడ్డీ, వాలీబాల్ గుర్తుకొస్తాయి. వాటికి మైదానం కావాలి, ఒంట్లో సత్తువ కావాలి. ఇవేవీ అక్కర్లేని ఆటలు మరికొన్ని ఉన్నాయి. నాలుగు గీతలు గీసుకుని, గుప్పెడు చింతగింజలు ముందేసుకుని కూర్చుంటే చాలు. ఇంగ్లీషువారు వీటిని టేబుల్ మీద ఆడతారు గనుక ‘టేబుల్‌టాప్ గేమ్స్’ అంటారు. మన ఊళ్ళలో వీటికి టేబులు అరుగే. హంపి శిథిలాల్లో రాతి పలకల మీద కూడా ఇలాంటి గళ్ళు చెక్కి ఉన్నాయి. ఎండ తగ్గేదాకా నీడన కూర్చున్నవాళ్ళు ఏం చేశారో ఆ గీతలే చెబుతున్నాయి.

ఈ ఆటల్లో కొన్నిటిని ఎలా ఆడాలో చెప్పడం ఈ వ్యాసం ఉద్దేశం. దానితో పాటు ఇంకో మాట కూడా ఉంది. మా వైపు భూమిని పాలుకిచ్చేటప్పుడు పంటలో ఎవరి పాలు ఎంతో ముందే తేల్చుకుంటారు. ఆటల్నీ అలాగే చూడాలని నా ఉద్దేశం. ఏ ఆట ముందు కూర్చున్నా ఇందులో అదృష్టం పాలెంత, తెలివి పాలెంత అని అడగాలి. ఆ లెక్క తెలిసినవాడికి ఆట ఆటగానే ఉంటుంది. తెలియనివాడికి ఏదో ఒకరోజు అది జూదమై కూర్చుంటుంది.

1. అంతా అదృష్టమే: వైకుంఠపాళి

నిచ్చెన ఎక్కితే పైకి, పాము మింగితే కిందికి. పాచికో గవ్వలో వేయడం, పడినన్ని గళ్ళు జరగడం తప్ప ఆడేవాడు తేల్చుకోవలసింది ఇందులో ఏమీ లేదు. ఎమ్మెస్సీ చదివినవాడైనా, అక్షరం రాని పిల్లవాడైనా గెలిచే అవకాశం సమానమే. పుణ్యం చేస్తే పైకి, పాపం చేస్తే కిందికి అని పిల్లలకు నేర్పడానికి పెద్దలు దీన్ని వాడారు. 19వ శతాబ్దం చివర్లో ఈ ఆట ఇంగ్లండు చేరి ‘స్నేక్స్ అండ్ లాడర్స్’ అయింది. చిన్నపిల్లలతో ఆడుకోవడానికి ఇంతకు మించినది లేదు. తెలివి చూపించుకోవడానికి మాత్రం ఇది చోటు కాదు.

2. సగపాలు: అష్టాచెమ్మా

నేల మీద అయిదు వరుసలు, వరుసకు అయిదు గళ్ళు గీయండి. మొత్తం 25 గళ్ళు. నాలుగు వైపులా మధ్య గడిలో అడ్డగీతలు కొట్టండి, అవి నలుగురి ఇళ్ళు. నట్టనడుమ గడిలోనూ అడ్డగీతలు కొట్టండి, అక్కడికి చేరిన కాయ పండినట్టు. మనిషికి నాలుగు కాయలు. గాజుముక్కలైనా, గింజలైనా, పుల్లలైనా సరే.

నాలుగు గవ్వలు వేస్తాం. ఎన్ని వెల్లకిలా పడితే అన్ని గళ్ళు. నాలుగూ వెల్లకిలా పడితే చెమ్మా, అంటే నాలుగు. నాలుగూ బోర్లా పడితే అష్టా, అంటే ఎనిమిది. చెమ్మా, అష్టా పడితే ఇంకో వేటు వస్తుంది. కాయ బయటి 16 గళ్ళూ ఒక దిక్కుగా తిరిగి, లోపలి 8 గళ్ళూ ఎదురు దిక్కుగా తిరిగి, నడిమింట్లో పండాలి. ఎదుటివాడి కాయ ఉన్న గడిలో మన కాయ పడితే దాన్ని చంపినట్టు. అది మళ్ళీ మొదటి నుంచి బయలుదేరాలి, మనకేమో ఇంకో వేటు. అడ్డగీతల గళ్ళలో చంపకూడదు. ఒక్క కాయనైనా చంపనివాడు లోపలి వరుసలోకి పోకూడదని చాలాచోట్ల కట్టుబాటు. చెమ్మాగానీ అష్టాగానీ పడితేనే మొదటి కాయ కదలాలని కొన్ని ఊళ్ళలో అంటారు. ఊరికో పద్ధతి గనుక, గవ్వలు చేతబట్టకముందే తేల్చుకోవడం మంచిది.

ఇప్పుడు కొంచెం లెక్క. గవ్వ వెల్లకిలా, బోర్లా పడే అవకాశం సమానమనుకుందాం. అప్పుడు నాలుగు గవ్వలకు 16 తీరులు. చెమ్మాకు ఒక్క తీరు, అష్టాకు ఒక్క తీరు, ఒకటికి నాలుగు, రెండుకు ఆరు, మూడుకు నాలుగు. కానీ గవ్వ రూపాయి బిళ్ళ కాదు. దాని వీపు గుండ్రం, కడుపు చదును. రెండు వైపులా సమానంగా పడాలని నియమమేమీ లేదు. మాటవరసకు ఒక గవ్వ పదింట నాలుగుసార్లే వెల్లకిలా పడుతుందనుకోండి. అప్పుడు వెయ్యి వేట్లలో చెమ్మా సుమారు 26 సార్లు పడితే, అష్టా 130 సార్లు పడుతుంది. అయిదు రెట్ల తేడా! అలాంటి గవ్వలతో ఆడేటప్పుడు శత్రువు కాయకు ఎనిమిది గళ్ళ ముందు నిలవడం కన్నా నాలుగు గళ్ళ ముందు నిలవడం క్షేమం. మీ గవ్వల గుణం ఏమిటో తెలియాలంటే ఒక గవ్వను రెండొందలసార్లు వేసి కాగితం మీద గీతలు పెట్టుకోండి. మనం ప్రాక్టికల్స్‌లో చేసేదానికీ దీనికీ తేడా లేదు. ఒక వైపు అరగదీసిన చింతగింజలకైనా ఇదే పరీక్ష.

ఏ సంఖ్య పడాలన్నది అదృష్టం. పడిన సంఖ్యకు నాలుగు కాయల్లో దేన్ని జరపాలన్నది తెలివి. అందుకే దీన్ని సగపాలు ఆట అన్నాను. దీని పెద్దన్న పచ్చీసు. 1896లో ఇంగ్లండులో పేటెంటు తీసుకున్న ‘లూడో’ ఆ పచ్చీసు నుంచి పుట్టిందే. ఇప్పుడు మన హాస్టలు గదుల్లో సెల్‌ఫోన్ల మీద ఆడుతున్నది అదే.

3. అంతా తెలివే: పులిజూదం, దాడి

పులిజూదానికి పేరులో జూదం ఉంది గానీ ఆటలో రవ్వంత అదృష్టం లేదు. గవ్వలు లేవు, పాచికలు లేవు. ఇద్దరికీ అన్నీ కంటి ముందే.

పైన ఒక కొనబిందువు పెట్టి, దాని నుంచి నాలుగు గీతలు విసనకర్రలా కిందికి లాగి, అడుగున ఒక అడ్డగీతతో కలపండి. మధ్యలో మూడు అడ్డగీతలు రెండు పక్కలా బయటికి వచ్చేట్టు గీసి, వాటి కొసల్ని నిలువుగా కలపండి. కొన ఒకటి, మూడు అడ్డగీతల మీద ఆరేసి చొప్పున 18, అడుగున 4, మొత్తం 23 స్థానాలు.

ఒకరికి మూడు పులులు, ఇంకొకరికి పదిహేను మేకలు. మేకలవాడు విడతకు ఒక మేక చొప్పున దింపుతాడు. పదిహేనూ దిగేదాకా ఏ మేకా కదలకూడదు. పులి మాత్రం గీత వెంట పక్క స్థానానికి జరగవచ్చు. పక్కన మేక ఉండి, అదే గీత మీద మేక వెనక స్థానం ఖాళీగా ఉంటే, దూకి దాన్ని తినవచ్చు. మూడు పులులూ కదలలేకుండా కట్టేస్తే మేకలు గెలిచినట్టు. ఇన్ని మేకలు పోతే పులులు గెలిచినట్టని ముందే ఒప్పుకోవాలి.

మేకలవాడికి ఒక్క సూత్రం చాలు: వెనక ఖాళీ వదలకూడదు. అంచు మీద నిలిచిన మేకను లోపలి నుంచి వచ్చే పులి దూకలేదు, ఎందుకంటే దాని వెనక స్థానమే లేదు. అందుచేత ముందు అంచులు పట్టి, తర్వాత జతజతలుగా లోపలికి రావాలి. 23 స్థానాల్లో పులులు, మేకలు కలిసి 18 పోతే మిగిలే ఖాళీలు అయిదే. మేక పోయినకొద్దీ ఖాళీలు పెరుగుతాయి, పులికి చోటు దొరుకుతుంది. బలం లేనివాళ్ళు కలిసి నిలిస్తే ఏమవుతుందో చెప్పడానికి ఇంతకన్నా చిన్న పాఠం నాకు కనపడలేదు.

ఇక దాడి. ఒకదానిలో ఒకటిగా మూడు చదరాలు గీసి, భుజాల మధ్యబిందువులను కలిపితే 24 స్థానాలు వస్తాయి. మనిషికి తొమ్మిది కాయలు. వంతులవారీగా పెట్టి, అన్నీ దిగాక గీతల వెంట జరపాలి. ఒకే గీత మీద మూడు కుదిరితే ‘దాడి’ అని ఎదుటివాడి కాయ ఒకటి తీసేయాలి. రెండే కాయలు మిగిలినవాడు ఓడినట్టు. ఇదే ఆట ఐరోపాలోనూ ఉంది. ఇద్దరూ ఎక్కడా తప్పు చేయకుండా ఆడితే ఇది ఎవరూ గెలవని ఆట అని 1993లో రాల్ఫ్ గాసర్ అనే పరిశోధకుడు కంప్యూటరు సాయంతో తేల్చాడు. మన అరుగు మీద గీత ఒక పరిశోధనకు విషయమైందంటే సంతోషం కదా!

4. కొత్త ఆటలు: భూమి చుట్టూ రెండు కథలు

మన దేశంలో ‘బిజినెస్’ పేరుతో పిల్లలు ఆడే ఆటకు మూలం అమెరికా ‘మోనోపలీ’. పాచికలు వేసి తిరుగుతూ స్థలాలు కొనడం, అక్కడ ఆగినవాడి దగ్గర అద్దె గుంజడం ఇందులో పద్ధతి. చివరికి ఒక్కడి దగ్గరే అంతా చేరి మిగతావాళ్ళు దివాలా తీస్తారు. దీనికి ముందు ఎలిజబెత్ మాగీ అనే ఆమె 1904లో ‘లాండ్‌లార్డ్స్ గేమ్’ అనే ఆటకు పేటెంటు పొందింది. భూమి కొద్దిమంది చేతుల్లో చిక్కితే మిగతావాళ్ళ గతి ఏమవుతుందో చూపించాలనే ఆమె దాన్ని తయారుచేసింది. 1935లో పార్కర్ బ్రదర్స్ కంపెనీ మోనోపలీని అచ్చువేసింది, ఆమె పేటెంటును 500 డాలర్లకు కొనేసింది. హెచ్చరికగా పుట్టిన ఆట వేడుకగా అమ్ముడుపోయింది. కౌలు కట్టే ఇంట్లో పుట్టినవాడికి ఈ కథ వేరే చెప్పనక్కర్లేదు.

రెండోది ‘కటాన్’. 1995లో జర్మనీలో క్లాస్ టాయిబర్ తయారుచేశాడు. ముగ్గురు, నలుగురు ఆడతారు. ఆరు మూలల పలకలు 19 పేర్చితే ఒక దీవి అవుతుంది. ఒకటి ఎడారి. మిగతావి కలప, ఇటుక, ఉన్ని, ధాన్యం, ఖనిజం ఇచ్చే నేలలు. ఒక్కో నేల మీద ఒక అంకె ఉంటుంది. రెండు పాచికల మొత్తం ఆ అంకె అయితే, ఆ నేల పక్కన ఇల్లు కట్టినవాడికి పంట. దానితో దారులు, ఇళ్ళు, పట్టణాలు కట్టాలి. లేనిదాన్ని తోటివాడితో మార్చుకోవాలి. ముందు పది పాయింట్లు చేరినవాడు గెలిచినట్టు.

రెండు పాచికలకు 36 తీరులు. ఏడుకు ఆరు తీరులు, ఆరుకూ ఎనిమిదికీ అయిదేసి, రెండుకూ పన్నెండుకూ ఒక్కొక్కటే. ఏడు పడితే ఎవరికీ పంట రాదు, దొంగ వస్తాడు. ఏడు కార్డుల కంటే ఎక్కువ దాచుకున్నవాడు సగం వదులుకోవాలి. ఆరు, ఎనిమిది అంకెల నేల కాలువ మొదట్లో చేను లాంటిది. రెండు, పన్నెండు కాలువ చివరి చేను. వాన మన చేతిలో లేదు, చేను ఎక్కడ ఎంచుకోవాలన్నది కొంతైనా ఉంది. అదే ఇందులో తెలివి పాలు.

5. డబ్బు దిగితే

మా ఊళ్ళో పేకాటలో పొలం పోగొట్టుకున్న ఇల్లు ఉంది. అలాంటి ఇల్లు చాలా ఊళ్ళలో ఉంటుంది. ‘రమ్మీ తెలివి ఆటే కదా’ అని మన మిత్రులు అంటుంటారు. నిజమే. సికింద్రాబాదులోని ఒక క్లబ్బు కేసులో 1967లో సుప్రీంకోర్టు రమ్మీలో నేర్పు పాలే ఎక్కువ అంది. అదే తీర్పులో, ఆట పెట్టించినవాడు దాని మీద లాభం తీస్తే నేరం కావచ్చనీ అంది. ఈ రెండో వాక్యం ఎవరూ చెప్పరు.

దాని లెక్క ఇదీ. సమానమైన తెలివి ఉన్న నలుగురు తలా పది రూపాయలు పెట్టారు. నలభైలో నాలుగు ఆట పెట్టించినవాడు తీసుకుని, ముప్ఫై ఆరు గెలిచినవాడికి ఇచ్చాడు. వంద ఆటలు ఆడితే అతనికి 400 రూపాయలు. సగటున తలా వంద పోయింది. ఎవరు గెలిచారో, ఎవరు ఓడారో అనవసరం. ఇక్కడ మూడో పాలు ఒకటి పుట్టింది: ఆడనివాడి పాలు. అది అదృష్టంతో తగ్గదు, తెలివితో మాయమవదు. డబ్బు పందెం పెట్టే ఆన్‌లైన్ ఆటలను తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి. 2025లో పార్లమెంటు కూడా దేశమంతటికీ వర్తించే చట్టం చేసింది. చట్టం సంగతి ఎలా ఉన్నా, ఈ చిన్న గుణకారం వచ్చినవాడిని మోసగించడం కష్టం.

మిత్రులారా! ఈ ఆటలకు ఖర్చు లేదు. ఒక సుద్దముక్క, నాలుగు గవ్వలు, పదిహేను చింతగింజలు, మూడు గులకరాళ్ళు ఉంటే హాస్టలు వరండాలో మూడు ఆటలు సిద్ధం. సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు అమ్మమ్మనో, నాయనమ్మనో, తాతయ్యనో కూర్చోబెట్టి మీ ఊరి కట్టుబాట్లు అడిగి నోటుబుక్కులో రాసుకోండి. అవి పుస్తకాల్లో అన్నీ దొరకవు, చెప్పేవాళ్ళు ఎల్లకాలం ఉండరు. రాసుకున్నాక ఎదురుగా కూర్చుని ఒక ఆట వేయండి. పులులు వాళ్ళకివ్వండి, మేకలు మీరు తీసుకోండి.