పదకొండు భాషల రాజ్యం ఎందుకు కూలిపోయింది?

(సాంఘిక శాస్త్రం – చరిత్ర)



మొన్న యూనిట్ టెస్టులో "ఆస్ట్రియా-హంగరీ సామ్రాజ్యము పతనమగుటకు కారణమేమి?" అని ఒక ప్రశ్న వచ్చింది. "ఆ రాజ్యములో అనేక జాతులు, అనేక భాషలు ఉండుట వలన" అని రాశాను. రెండుకు రెండు మార్కులు వచ్చాయి. మన తరగతిలో చాలామందిమి అదే రాశాం.

కాని రాత్రి పడుకున్నాక ఆ జవాబు నాకు సరిగా అనిపించలేదు. మన హాస్టల్లో ఇంట్లో కోయ మాట్లాడేవాళ్లం ఉన్నాం. తెలుగు మాట్లాడే కొండరెడ్ల పిల్లలు ఉన్నారు. అందరం ఒకే బోరింగు దగ్గర వరుసలో నిలబడతాం. దెబ్బలాడుకున్న రోజులు కూడా ఉన్నాయి. అయితే అవి భాష గురించి కాదు, నీళ్లు తక్కువైన రోజులు. మరి భాషలు ఎక్కువైతే రాజ్యం కూలిపోతుందా అని మేస్టారిని అడిగాను. "చదివి నువ్వే రాయి, గోడపత్రికలో పెడదాం" అన్నారు. లైబ్రరీ బీరువాలోని పుస్తకాలు చూసి, మేస్టారు చెప్పింది కూడా కలిపి రాస్తున్నాను.

1. ఆ రాజ్యం ఎక్కడ ఉండేది?

ఐరోపా ఖండం మధ్యలో, డాన్యూబ్ నది పారే చోట ఉండేది. ఇప్పటి మ్యాపులో చూస్తే ఆస్ట్రియా, హంగరీ, చెక్, స్లోవేకియా, స్లోవేనియా, క్రొయేషియా, బోస్నియా దేశాలు దానిలోవే. పోలండ్, ఉక్రెయిన్, రొమేనియా, సెర్బియా, ఇటలీలలో కొంత కొంత భాగం కూడా దానిదే.

దీనిని హాబ్స్‌బర్గ్ అనే వంశం వారు పాలించారు. వాళ్లకు చాలా భూములు యుద్ధం చేసి కాదు, పెళ్లిళ్ల వల్ల, వారసత్వం వల్ల వచ్చాయి. 1526లో హంగరీకి, బొహీమియాకి రాజుగా ఉన్న లూయీ తురుష్కులతో యుద్ధంలో చనిపోయాడు. అతనికి పిల్లలు లేరు. ఆ రెండు రాజ్యాల కిరీటాలు అతని బావ అయిన హాబ్స్‌బర్గ్ రాకుమారునికి వచ్చాయి. (బొహీమియా అంటే చెక్ వారి దేశం.)

1910 జనాభా లెక్కల ప్రకారం అక్కడ సుమారు 5 కోట్ల 10 లక్షల మంది ఉన్నారు. జర్మన్, హంగేరియన్, చెక్, స్లోవాక్, పోలిష్, ఉక్రేనియన్, రొమేనియన్, క్రొయేషియన్, సెర్బియన్, స్లోవేన్, ఇటాలియన్ – ఇవి ముఖ్యమైన పదకొండు భాషలు. జర్మన్ వారు సుమారు 1 కోటి 20 లక్షలు, హంగేరియన్లు సుమారు 1 కోటి. ఈ రెండు జాతులూ కలిసినా సగం కారు. ఈ సంగతి గుర్తు పెట్టుకోండి.

2. 1867 ఒప్పందం

1866లో ఆస్ట్రియా ప్రష్యా చేతిలో ఓడిపోయింది. చక్రవర్తి ఫ్రాంజ్ జోసెఫ్ బలహీనపడ్డాడు. అప్పుడు హంగేరియన్ పెద్దలతో ఒప్పందం చేసుకున్నాడు. దాని ప్రకారం రాజ్యం రెండు భాగాలైంది. వియన్నాలో ఒక పార్లమెంటు, బుడాపెస్ట్‌లో ఇంకొకటి. ఆయన ఇక్కడ చక్రవర్తి, అక్కడ రాజు. సైన్యం, విదేశీ వ్యవహారాలు, వాటికయ్యే ఖర్చు మాత్రం ఉమ్మడి.

చెక్ వారిని గాని, స్లోవాక్ వారిని గాని, రొమేనియన్లను గాని ఎవరూ అడగలేదు. ఇద్దరు పంచుకున్నారు, మిగిలిన వాళ్లందరూ చూస్తూ నిలబడ్డారు.

3. ఒక రాజ్యం, రెండు పద్ధతులు

ఆస్ట్రియా వైపు: 1867 చట్టంలో అన్ని జాతులూ సమానమే, బడిలోనూ ఆఫీసులోనూ వారి భాషకు హక్కు ఉంది అని రాశారు. కొంతవరకు అమలు కూడా చేశారు. 1882లో ప్రేగ్ విశ్వవిద్యాలయాన్ని జర్మన్‌కి ఒకటి, చెక్‌కి ఒకటిగా చేశారు. 1907లో వయసొచ్చిన మగవారందరికీ ఓటు ఇచ్చారు. (ఆడవారికి ఇవ్వలేదు.)

హంగరీ వైపు: 1868లో మంచి చట్టమే చేశారు. అది కాగితం మీదే ఉండిపోయింది. స్లోవాక్ వారికి మూడు ఉన్నత పాఠశాలలుంటే 1874-75లో మూడూ మూయించారు. 1907లో ఇంకొక చట్టం చేశారు. దాని ప్రకారం నాలుగో తరగతి పూర్తయ్యేసరికి ప్రతి పిల్లకూ హంగేరియన్ మాట్లాడటం, రాయటం రావాలి. ఇక ఓటు నూటికి సుమారు ఆరుగురికే ఉండేది.

ఇది చదివినప్పుడు నాకు నా ఒకటో తరగతి గుర్తొచ్చింది. తెలుగు రాక, బయటికి వెళ్లాలి అని చెప్పలేక ఏడ్చాను. తరువాత నేర్చుకున్నాను. ఇప్పుడు తెలుగులోనే రాస్తున్నాను, ఇష్టంగానే రాస్తున్నాను. ఇంకో భాష నేర్చుకోవడం చెడ్డది కాదు. మీ భాష పనికిరాదు అని చెప్పి, బడి మూసేసి నేర్పితేనే ఆ బాధ పోదు. స్లోవాక్ పిల్లలకు అదే జరిగింది.

ఆస్ట్రియా వైపు కూడా గొడవలు లేకపోలేదు. 1897లో ప్రధానమంత్రి బడేని ఒక ఉత్తర్వు ఇచ్చాడు. బొహీమియా, మొరావియాలలోని ప్రభుత్వోద్యోగులకు జర్మన్, చెక్ రెండూ రావాలి. చదువుకున్న చెక్ వారికి జర్మన్ ముందే వచ్చు. జర్మన్ వారిలో చెక్ వచ్చినవారు తక్కువ. తమ ఉద్యోగాలు పోతాయని జర్మన్ వారు పార్లమెంటులోను, వీధుల్లోను పెద్ద గలాటా చేశారు. బడేని పదవి పోయింది. 1899లో ఉత్తర్వులు కూడా రద్దయ్యాయి. చూడండి, పైకి భాష గొడవలా ఉంది గాని లోపల ఉన్నది ఉద్యోగాల వాటా.

4. అయినా చాలా కాలం నిలిచింది

ఇది మనం జవాబుల్లో రాయం. సైన్యంలో ఆజ్ఞలకు సుమారు 80 జర్మన్ మాటలు ఉండేవి. "నిలబడు, నడు, కాల్చు" వంటివి. అవి అందరూ నేర్చుకోవాలి. మిగతా బోధనంతా సైనికుల సొంత భాషలోనే. అది నేర్చుకోవలసింది ఆఫీసరు! 1848లోనే పలాట్‌స్కీ అనే చెక్ చరిత్రకారుడు, చిన్న జాతుల రక్షణకు ఆస్ట్రియా ఉండాలని రాశాడు. 1914 వరకు ఎక్కువమంది నాయకులు అడిగింది విడిపోవడం కాదు, సమాన వాటా.

5. యుద్ధం – రొట్టె

1914 జూన్ 28న సారయేవో పట్టణంలో యువరాజు ఫ్రాంజ్ ఫెర్డినాండ్‌ను, అతని భార్య సోఫీని 19 ఏళ్ల గవ్రీలో ప్రిన్సిప్ కాల్చి చంపాడు. జూలై 28న ఆస్ట్రియా-హంగరీ సెర్బియా మీద యుద్ధం ప్రకటించింది. మొదటి ప్రపంచ యుద్ధం మొదలైంది. సుమారు 80 లక్షల మంది సైన్యంలోకి వెళ్లారు. 10 లక్షలకు పైగా చనిపోయారు. సైనికుల భాష వచ్చిన పాత ఆఫీసర్లు మొదటి సంవత్సరంలోనే చాలామంది పోయారు. కొత్తగా వచ్చినవారికి ఆ భాషలు రావు.

అన్నిటికంటె పెద్ద దెబ్బ ఆకలి. పంటలు పండే గలీసియా యుద్ధభూమి అయింది. సముద్రం మీదుగా సరుకులు రాకుండా శత్రువులు ఆపారు. హంగరీ తన ధాన్యాన్ని ఆస్ట్రియాకు సరిగా పంపలేదు. ఒకే రాజు, ఒకే సైన్యం, కాని ధాన్యం మాత్రం వేరు! 1918 జనవరి 14న ఆస్ట్రియాలో మనిషికి రోజుకి ఇచ్చే పిండి 200 గ్రాముల నుండి 165 గ్రాములకు తగ్గించారు. వెంటనే కార్మికులు సమ్మె చేశారు. అది వియన్నాకు, బుడాపెస్ట్‌కు పాకింది. లక్షల మంది పని మానేశారు. వాళ్లలో అన్ని భాషల వాళ్లూ ఉన్నారు. ఆకలికి భాష లేదు గదా.

68 ఏళ్లు పాలించిన ఫ్రాంజ్ జోసెఫ్ 1916 నవంబరు 21న చనిపోయాడు. తరువాత 29 ఏళ్ల కార్ల్ చక్రవర్తి అయ్యాడు.

6. చివరి రోజులు

1918 అక్టోబరు 16న కార్ల్ ఒక ప్రకటన చేశాడు. ఆస్ట్రియాలో ప్రతి జాతికీ సొంత రాష్ట్రం ఇస్తానన్నాడు. హంగరీ జోలికి మాత్రం వెళ్లలేదు. ఇదే మాట ఇరవై ఏళ్ల ముందు చెప్పి ఉంటే జనం సంతోషించేవారేమో. అప్పటికి ఆలస్యమైపోయింది.

అక్టోబరు 28 ఉదయం ప్రేగ్‌లో చెక్ నాయకులు అధికారం తీసుకున్నారు. వాళ్లు మొదట వెళ్లింది కోటకి కాదు. ధాన్యం పంచే ప్రభుత్వ ఆఫీసుకి! అక్కడి ఉద్యోగులచేత కొత్త దేశానికి విధేయులమని ప్రమాణం చేయించారు. ఈ ఒక్క సంగతి చదివాకే నాకు పాఠం మొత్తం అర్థమైంది. అన్నం పెట్టగలిగిన వాడే ప్రభుత్వం.

అక్టోబరు 29న జాగ్రెబ్, 31న బుడాపెస్ట్ తిరగబడ్డాయి. నవంబరు 3న ఇటలీతో యుద్ధ విరమణ సంతకం అయింది. నవంబరు 11న కార్ల్ ఆస్ట్రియా పాలన నుండి తప్పుకున్నాడు. మరునాడు ఆస్ట్రియా రిపబ్లిక్ అయింది.

7. తరువాత ఏమైంది?

1919, 1920 సంధులతో కొత్త గీతలు గీశారు. హంగరీ భూమిలో మూడింట రెండు వంతులు పోయింది. 30 లక్షలకు పైగా హంగేరియన్లు వేరే దేశాల్లో ఉండిపోయారు. చెకొస్లొవేకియాలో 30 లక్షలకు పైగా జర్మన్ వారున్నారు. అంటే కొత్త దేశాల్లో కూడా అనేక భాషలే! నిన్న పెద్దగా ఉన్నవాళ్లు ఇవాళ చిన్నవాళ్లయ్యారు, అంతే.

నా కొత్త జవాబు

ఆస్ట్రియా-హంగరీ అనేక భాషలు ఉండుట వలన కూలిపోలేదు. (1) సమానమని రాసి సమానంగా చూడకపోవుట, (2) ఇవ్వవలసిన వాటా ఆలస్యంగా ఇవ్వబోవుట, (3) యుద్ధంలో ఓటమి, (4) ఆకలి. ఈ నాలుగింటి వలన కూలిపోయింది.

మేస్టారూ, ఈసారి నాకు రెండు మార్కులు రాకపోయినా ఫర్వాలేదండి.

గుర్తుంచుకోండి

1867 – ఒప్పందం
1897 – బడేని ఉత్తర్వులు
1907 – ఆస్ట్రియాలో మగవారందరికీ ఓటు, హంగరీలో బడి చట్టం
1914 – యుద్ధం
1918 – పతనం

ప్రశ్నలు

1. 1867 ఒప్పందంలో ఎవరిని అడగలేదు?
2. బడేని ఉత్తర్వులను జర్మన్ వారు ఎందుకు వ్యతిరేకించారు?
3. ప్రేగ్ నాయకులు ముందుగా ధాన్యం ఆఫీసుకి ఎందుకు వెళ్లారు? మీ సొంత మాటల్లో రాయండి.

జవాబులు కింద ఖాళీలో పెన్సిలుతో రాయండి. మీ భాషలో రాసినా సరే, తెలుగు లిపిలో రాస్తే అందరం చదువుకుంటాం. తప్పులుంటే వార్డెన్ అమ్మగారు, మేస్టార్లు మన్నించాలి.

– 9వ తరగతి విద్యార్థిని