పుట్టగొడుగు: ఏది కూర, ఏది విషం?

తొలకరి వాన పడింది. ఉరుములు ఉరిమాయి. తెల్లారేసరికి పుట్టల మీద, గట్ల మీద, చెట్ల కింద గొడుగులు లేచాయి. వీటిని పుట్టగొడుగులు అంటాం. కొన్ని ఊళ్లలో పుట్టకొక్కులు అంటారు.

పుట్టగొడుగుల కూర చాలామందికి ఇష్టం. మాంసం కూరలా కమ్మగా ఉంటుంది. ఒంటికి మంచిది. డబ్బు పెట్టి కొనే పని లేదు. కానీ అన్ని గొడుగులూ తినేవి కావు. పనికిరాని వాటికి మన పెద్దలు కుక్కగొడుగులు అని పేరు పెట్టారు.

2022 ఏప్రిల్‌లో అస్సాం రాష్ట్రంలో అడవి పుట్టగొడుగులు తిని కొద్ది రోజుల్లోనే 13 మంది చనిపోయారు. చాలామంది తేయాకు తోటల్లో పనిచేసే కుటుంబాల వాళ్లే. వాళ్లకు పుట్టగొడుగులు కొత్త కాదు. ఏటా ఏరుకుని తింటారు. అయినా ప్రాణాలు పోయాయి. ఎందుకని? మంచి గొడుగు, విషపు గొడుగు చూడటానికి ఒకేలా ఉంటాయి.

అత్తాకోడళ్ల మాటలు

కోడలు: అత్తమ్మా, బుట్టెడు తెల్లగొడుగులు దొరికాయి. కూర వండనా?

అత్త: ఎక్కడివే? పుట్ట మీదివా?

కోడలు: కాదు, చెట్టు కిందివి. పురుగులు కొరికి ఉన్నాయి. పురుగు తిన్నదంటే విషం లేనట్టే కదా?

అత్త: పురుగు కడుపు వేరు, మన కడుపు వేరు. నత్తలు, పురుగులు తిన్న గొడుగు కూడా మనిషిని చంపుతుంది.

కోడలు: వెండి పట్టీ వేసి ఉడికిస్తాను. నల్లబడితే పారేస్తాను.

అత్త: అది ఉత్త మాట. విషం ఉన్నా వెండి తెల్లగానే ఉండొచ్చు. వెల్లుల్లి వేసినా, బియ్యం వేసినా, పసుపు వేసినా అంతే. రంగు చూసి విషం కనిపెట్టలేం.

కోడలు: బాగా ఉడికించి నీళ్లు వంచేస్తే?

అత్త: అన్నిటికన్నా చెడ్డ విషం ఉడికించినా చావదు. ఎండబెట్టినా పోదు.

కోడలు: కొంచెం రుచి చూస్తే? చేదుగా ఉంటే తెలిసిపోతుందిగా!

అత్త: చేదు ఉండదే తల్లీ. తిని బతికినవాళ్లు కూర రుచిగానే ఉందని చెప్పారు.

కోడలు: అమ్మో! అయితే పారేస్తాను.

అత్త: పిల్లలు, కోళ్లు ముట్టకుండా గుంట తీసి పూడ్చు. తెలియనిది తినకపోతే ఒక పూట కూర పోతుంది, అంతే.

గొడుగును చూడటం నేర్చుకుందాం

గొడుగుకు పైన టోపీ ఉంటుంది. టోపీ కింద సన్నని రేకులు ఉంటాయి. కింద కాడ ఉంటుంది. కొన్నిటికి కాడ చుట్టూ ఉంగరం ఉంటుంది. కొన్నిటికి కాడ మొదట్లో సంచి ఉంటుంది.

చంపే గొడుగు: కొన్ని తెల్లగా ఉంటాయి. కొన్ని లేత ఆకుపచ్చగా ఉంటాయి. ఎక్కువగా చెట్ల కింద మొలుస్తాయి. రేకులు తెల్లగా ఉంటాయి. కాడకు ఉంగరం, మొదట్లో సంచి ఉంటాయి. సంచి మట్టిలో దాగి ఉంటుంది. పైకి లాగితే తెగి మట్టిలోనే ఉండిపోతుంది. ఉంగరం కూడా ఒక్కోసారి ఊడిపోతుంది. అందుకే ఉంగరం లేదని, సంచి కనపడలేదని ధైర్యపడకూడదు. ఇలాంటి గొడుగు ఒక్కటి చాలు, పెద్ద మనిషి ప్రాణం తీయడానికి.

లేతగా ఉన్నప్పుడు ఈ గొడుగు కోడిగుడ్డులా ఉంటుంది. వరిగడ్డి మీద పెరిగే మంచి గొడుగు కూడా లేతప్పుడు గుడ్డులాగే ఉంటుంది. దానికీ సంచి ఉంటుంది. అందుకే గుడ్డులా ఉన్న లేత గొడుగులు ఏరవద్దు.

వాంతి చేయించే గొడుగు: గడ్డిలో పెద్దగా, తెల్లగా మొలుస్తుంది. టోపీ మీద గోధుమరంగు పొలుసులు ఉంటాయి. రేకులు ముందు తెల్లగా ఉంటాయి. ముదిరాక ఆకుపచ్చగా మారతాయి. తిన్న 1 నుంచి 3 గంటల్లో వాంతులు, విరేచనాలు పట్టుకుంటాయి. పిల్లలకు ఇది మరీ ప్రమాదం.

మత్తెక్కించే గొడుగు: పేడ మీద, పేడ కలిసిన గడ్డిలో మొలిచే కొన్ని గొడుగులు బుర్ర మీద పనిచేస్తాయి. తిన్న గంటలోపే మనిషి మారిపోతాడు. లేనివి కనపడతాయి. ఊరికే నవ్వుతాడు, ఏడుస్తాడు, భయపడతాడు. గుండె దడదడలాడుతుంది. చాలావరకు 6 గంటల దాకా ఇలాగే ఉంటుంది.

ఇలాంటి మనిషిని చూసి దయ్యం పట్టింది, గాలి సోకింది అంటారు. వేపమండలతో కొడతారు. అది దయ్యం కాదు, తిన్న గొడుగు చేసిన పని. ఆ మనిషిని బావి దగ్గరికి, రోడ్డు మీదికి పోనివ్వకండి. కొట్టకండి, కట్టెయ్యకండి. పక్కనే ఉండి మెల్లగా మాట్లాడుతూ ఆసుపత్రికి తీసుకుపోండి. కొందరు కుర్రాళ్లు కావాలనే వీటిని తింటారు. వీటిలోని మత్తు పదార్థం 1985 నాటి మత్తుమందుల చట్టం కిందికి వస్తుంది. సరదా కోసం తింటే జైలు పాలు కావచ్చు. పేడ మీద మొలిచినవన్నీ మత్తువే కావు. విషపువి కూడా ఉంటాయి.

ఆలస్యంగా వచ్చే వాంతి

ఈ సంగతి బాగా గుర్తు పెట్టుకోండి. చంపే గొడుగు తిన్న వెంటనే ఏమీ కాదు. రాత్రి తింటే తెల్లారేదాకా బాగానే ఉంటారు. 6 గంటలు దాటాక వాంతులు, నీళ్ల విరేచనాలు మొదలవుతాయి. ఒక రోజు బాధపడతారు. తర్వాత తగ్గినట్టు అనిపిస్తుంది. ‘తగ్గిపోయింది’ అని ఇంటికి వచ్చేస్తారు. కానీ లోపల కాలేయం పాడవుతూనే ఉంటుంది. రెండు మూడు రోజుల్లో కళ్లు పచ్చబడతాయి. స్పృహ తప్పుతుంది. అప్పుడు డాక్టరు ఎంత ప్రయత్నించినా బతకడం కష్టం.

పాముకాటుకు విరుగుడు సూది ఉంది. ఈ విషానికి అలాంటి కచ్చితమైన విరుగుడు లేదు. ఎంత తొందరగా ఆసుపత్రికి పోతే అంత మేలు.

గొడుగులు తిని జబ్బు చేస్తే

వెంటనే 108కి ఫోను చేయండి. ఆ కూర తిన్నవాళ్లందరూ వెళ్లండి. బాగున్నవాళ్లు కూడా వెళ్లాలి.

మిగిలిన కూర, తరిగిన ముక్కలు, పచ్చి గొడుగు ఉంటే కాగితంలో చుట్టి తీసుకుపోండి.

ఉప్పునీళ్లు తాగించి వాంతి చేయించకండి. పసర్లు పోయకండి.

వాంతులు ఆగినా డాక్టరు చెప్పేదాకా ఇంటికి రావద్దు. కాలేయానికి రక్తపరీక్ష చేయమని అడగండి.

ఒక చీటీ రాయండి. మీకు ఇప్పుడు రాయడం వచ్చు. ఆ చీటీ డాక్టరుకు దారి చూపుతుంది. ఇలా రాయండి:

తిన్నది: పుట్టగొడుగుల కూర
దొరికిన చోటు: చింతచెట్టు కింద
తిన్న సమయం: రాత్రి 8 గంటలు
తిన్నవాళ్లు: 4 మంది
మొదటి వాంతి: తెల్లవారుజామున 4 గంటలు

గుర్తుంచుకోండి

బాగా ఎరిగిన ఒకటి రెండు రకాలే ఏరండి. అనుమానం వస్తే వదిలేయండి. పుట్ట పక్కన మొలిచిన ప్రతిదీ మంచిది కాదు. వేరు వేరు రకాలు ఒకే బుట్టలో వేయకండి. ఒక్క చెడ్డది కూర మొత్తాన్ని చెడగొడుతుంది. పనికి వేరే ఊరు వలస పోయినప్పుడు అక్కడి గొడుగులు ఏరవద్దు. మన ఊరి మంచి గొడుగు లాంటిదే అక్కడ విషపుది ఉండొచ్చు.

పుట్టగొడుగులు పెంచుకోవచ్చు కూడా. ముత్యపు చిప్ప పుట్టగొడుగును వరిగడ్డితో ఇంట్లోనే పెంచవచ్చు. కృషి విజ్ఞాన కేంద్రాల్లో నేర్పుతారు. మహిళా సంఘం వాళ్లంతా కలిసి వెళ్లి అడగండి.

చెప్పండి, రాయండి

1. వెండి నల్లబడకపోతే గొడుగు మంచిదేనా?
2. వాంతులు తగ్గాక కూడా ఆసుపత్రిలో ఎందుకు ఉండాలి?
3. మీ ఊళ్లో తినే గొడుగుల పేర్లు రాయండి. వాటిని ఎలా గుర్తుపడతారో పెద్దలను అడిగి తెలుసుకోండి.
4. డాక్టరుకు ఇచ్చే చీటీ మీరే ఒకటి రాసి చూపండి.